రసీదు లేని చావుకు జవాబు ఎవరు చెప్పాలి?

బాబాసాహెబ్ అంబేద్కర్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో కాఠియావాడ్‌కు చెందిన ఒక దళిత ఉపాధ్యాయుడి ఉదంతం ఉంది. 1929 డిసెంబరులో ‘యంగ్ ఇండియా’ పత్రికలో అచ్చయిన ఉత్తరం అది. బాలింత అయిన భార్యకు జబ్బు చేస్తే ఆయన డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. వాడలోకి రానన్నాడు డాక్టరు. ఊరి పెద్దను బతిమాలి, రెండు రూపాయల ఫీజుకు ఒప్పుకున్నాక, రోగిని వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. థర్మామీటరు డాక్టరు చేతి నుంచి ఒక ముస్లిం చేతికి, ఆయన నుంచి భర్త చేతికి, భర్త నుంచి ఆమెకు చేరింది. మళ్లీ అదే దారిలో వెనక్కి వెళ్లింది. ఆమెను తాకకుండానే డాక్టరు నిమోనియా అని తేల్చాడు. తర్వాత రమ్మంటే రాలేదు. ఆమె చనిపోయింది.

ఈ ఉదంతం చదివిన ప్రతిసారీ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది థర్మామీటరు కాదు. అందులో డాక్టరు పేరు లేదు, ఉపాధ్యాయుడి పేరూ లేదు. పేర్లు బయటపెట్టవద్దని ఆ ఉపాధ్యాయుడే కోరాడని, కక్ష సాధిస్తారని ఆయన భయపడ్డాడని బాబాసాహెబ్ రాశారు. తప్పు చేసినవాడి పేరు చెప్పడానికి నష్టపోయినవాడే భయపడ్డాడు. ఇది జరిగి 90 ఏళ్లు దాటింది. ఆ భయం మాత్రం మా ఇంటి దాకా వచ్చింది.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా మా చిన్నమ్మకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. ముగ్గురు పిల్లల తల్లి, కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇల్లు. క్యాంపుకు తీసుకెళ్లిన ఆటోలోనే సాయంత్రానికి దించేసి వెళ్లారు. మూడో రోజు కడుపు ఉబ్బి, జ్వరం కాసింది. ఊళ్లో ఆరెంపీ సూదులు వేశాడు. ఐదో రోజు పెద్దాసుపత్రికి చేర్చేసరికి చేయి దాటిపోయింది. ‘ఆలస్యంగా తెచ్చారు’ అన్న ఒక్క మాటే మాకు దొరికిన వివరణ. కేస్ షీటు కావాలని నేను అడిగితే, ‘అది ఆఫీసు కాగితం, మీకెందుకు?’ అన్నాడు గుమాస్తా. బాబాయి వేలిముద్ర వేసిన ఫారంలో ఏముందో ఆయనకూ తెలియదు, మాకూ తెలియలేదు. కేసు పెడదామంటే మా పేటలో పెద్దవాళ్లే వారించారు. ‘ఆసుపత్రోళ్లతో పెట్టుకుంటే రేపు పిల్లకు జ్వరమొస్తే ఎక్కడికి పోతావురా?’ అన్నారు. వాళ్ల మాటలో పిరికితనం లేదు, అనుభవం ఉంది. ఆ చుట్టుపక్కల పదిహేను మైళ్లలో ఉన్న ఆసుపత్రి అదొక్కటే.

తర్వాత యూనివర్సిటీకి వచ్చి చట్టాలు చదివాక తెలిసింది, మేం భయపడకుండా వెళ్లి ఉన్నా మా కోసం తెరిచి ఉన్న తలుపు అంత సులువైనది కాదని. ఈ దేశంలో వైద్య నిర్లక్ష్యం మీద ప్రశ్న అడిగే హక్కుకు కొన్ని అర్హతలు ఉన్నాయి. చేతిలో రసీదు ఉండాలి. ఆసుపత్రి కాగితాలు ఉండాలి. సాక్ష్యం చెప్పడానికి ఇంకో డాక్టరు ఉండాలి. చనిపోయినవారికి చెప్పుకోదగ్గ ఆదాయం ఉండాలి. ఈ నాలుగూ మా వాడల్లో దొరకనివే.

మొదటిది రసీదు. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యసేవలను వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి తెచ్చింది. అది గొప్ప తీర్పే, కాదనను. సివిల్ కోర్టుల్లో ఏళ్ల తరబడి తిరిగే అవసరం లేకుండా, తక్కువ ఖర్చుతో ఫోరంకు వెళ్లే దారి వేసింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చూసే ఆసుపత్రి అయితే, ఉచిత రోగికీ ఆ హక్కు ఉంటుందని చెప్పింది. కానీ అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి మాత్రం ఆ చట్టం కిందికి రాదంది. డబ్బు ఇవ్వని చోట ‘సేవ’ లేదు కాబట్టి అక్కడ వినియోగదారుడూ లేడన్నమాట. నామమాత్రపు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టినా లెక్కలోకి రాదు.

న్యాయశాస్త్రంలో ఈ విభజనకు తర్కం ఉండవచ్చు. సమాజంలో దాని అర్థం వేరు. కార్పొరేట్ ఆసుపత్రిలో లక్షలు కట్టినవాడికి దగ్గరి దారి ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఏరియా ఆసుపత్రిలో, క్యాంపులో వైద్యం చేయించుకున్న కూలీకి అది లేదు. ఆమె మందులు ఉచితం అనుకుంటాం. చెప్పులతో సహా కొన్న చాలా వస్తువుల మీద ఆమె పన్ను కడుతూనే ఉంది. ఆ పన్నుకు మాత్రం ఎవరూ రసీదు ఇవ్వరు.

ఆమెకు మిగిలింది సివిల్ దావా, లేదా హైకోర్టులో రిట్. సివిల్ దావా ఎలా ఉంటుందో చెప్పే కేసు ఒకటుంది. 1963 జులైలో మహారాష్ట్ర ఔరంగాబాద్‌లోని ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు తర్వాత ఒక మహిళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. కడుపులో గుడ్డ మరిచిపోయి కుట్లు వేశారు. ఆమె ఆ నెలలోనే చనిపోయింది. ప్రభుత్వ డాక్టర్ల నిర్లక్ష్యానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు తేల్చింది 1996లో. అంటే 33 ఏళ్లకు. ఆ కుటుంబానికి ఖాయమైన పరిహారం 36 వేల రూపాయలు. భర్త చదువుకున్న ప్రభుత్వోద్యోగి కాబట్టి అన్నేళ్లు నిలబడగలిగాడు. మా బాబాయిలాంటివాడు 33 వాయిదాలు కూడా తిరగలేడు.

రిట్ల విషయంలో కోర్టులు కొన్ని మంచి మాటలు చెప్పాయి. రైలు నుంచి పడి తలకు గాయమైన హకీం షేక్‌ను కలకత్తాలో ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు పడకలు లేవంటూ తిప్పిపంపితే, అది 21వ అధికరణ కింద జీవించే హక్కుకు భంగమేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. డబ్బు లేదన్న సాకు ప్రభుత్వం చెప్పడానికి వీల్లేదంది. ఆ కేసు వేసింది పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం. వెనుక సంఘం ఉంది కాబట్టే హకీం షేక్ మాట కోర్టు దాకా వెళ్లింది.

ఇప్పుడు క్యాంపుల దగ్గరికి వస్తాను. 2012 జనవరిలో బిహార్ అరారియా జిల్లాలో ఒక ప్రభుత్వ బడిలో, టార్చిలైట్ల వెలుగులో, రెండు గంటల్లో 53 మంది మహిళలకు ఆపరేషన్లు చేశారు. దాని మీద దేవికా బిశ్వాస్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు నడుస్తుండగానే 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో, వాడకంలో లేని ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో, ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. రోజుకు 30 మించకూడదన్నది నిబంధన. ఆ వారం ఆ జిల్లాలో జరిగిన క్యాంపుల్లో ఆపరేషన్ చేయించుకున్నవారిలో 13 మంది చనిపోయారు. బాధితుల్లో ఎక్కువమంది దళితులు, ఆదివాసీలు, వెనుకబడిన కులాలవారు. మృతుల్లో ఒకామె బైగా తెగకు చెందింది. జనాభా తగ్గిపోతున్న ఆ తెగవారికి అసలు ఈ ఆపరేషన్లే చేయకూడదు. ఎక్కువ ఆపరేషన్లు చేసినందుకు ఆ సర్జన్‌ను అదే ఏడాది ప్రభుత్వం సన్మానించింది. తప్పు ఆ ఒక్క రోజున జరిగింది కాదు. అంకెలకు దండలు వేసిన రోజే మొదలైంది.

2010 నుంచి 2013 మధ్య ఇలాంటి ఆపరేషన్ల వల్ల 363 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. 2016 సెప్టెంబరులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, క్యాంపుల పద్ధతిని మూడేళ్లలో మాన్పించాలని ఆదేశించింది. ఆ గడువు 2019 సెప్టెంబరుతో ముగిసింది. 2022 ఆగస్టు 25న హైదరాబాద్ పక్కనే, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. అందరూ పేదింటి తల్లులే. సస్పెన్షన్లు జరిగాయి, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. గడువు దాటాక క్యాంపు ఎలా నడిచింది, ఏ స్థాయిలో ఎవరు లక్ష్యాలు పెట్టారు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు.

రెండో అర్హత కాగితం. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం డాక్టర్లు ఇన్‌పేషెంటు రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి. రోగి గానీ రోగి తరఫువారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు. ఆ రోజు గుమాస్తాకు నేను ఈ నిబంధన చూపించి ఉంటే ఏం జరిగేదో తెలియదు. చూపించే స్థితిలో నేను లేనన్నది మాత్రం నిజం. మా చిన్నమ్మ గురించి ఆసుపత్రి ఏం రాసుకుందో ఇప్పటికీ మాకు తెలియదు.

సమ్మతి పత్రం కథ కూడా ఇలాంటిదే. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను ప్రయోగాత్మకంగా బాలికలకు వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే ఆదివాసీ పిల్లలు. ఆ తర్వాత జరిగిన కొన్ని మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిచెడులు కావు నా ప్రశ్న, ఆ టీకా అవసరమైనదే. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ఏం చెప్పిందో చూడండి. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అమ్మానాన్నలు బతికే ఉన్నారు, పక్క గూడెంలోనే ఉన్నారు. వాళ్లను అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. మన ఒంటి మీద నిర్ణయం ఎప్పుడూ ఇంకొకరి సంతకంతోనే జరిగేది.

మూడో అర్హత డాక్టరు సాక్ష్యం. 2005 నాటి జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, ముందుగా మరో సమర్థుడైన డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని చెప్పింది. కక్షతో పెట్టే కేసుల నుంచి రక్షణ ఉండాలనడం న్యాయమే. అయితే ఒక డాక్టరు తప్పు చేశాడని రాసిచ్చే ఇంకో డాక్టరు కూలివాడికి ఎక్కడ దొరుకుతాడు? మా కుటుంబాల్లో ఎంతమంది డాక్టర్లున్నారు? స్నేహితుల్లో, పెళ్లి సంబంధాల్లో, ఇరుగుపొరుగులో డాక్టర్లున్నవాళ్లకు ఆ అభిప్రాయం ఒక ఫోన్ కాల్ దూరంలో ఉంటుంది. దీన్నే మనం సామాజిక పెట్టుబడి అని తరగతి గదుల్లో చదువుతాం.

వైద్య మండళ్ల సంగతీ అంతే. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర మండలి చర్య తీసుకుంటే దాని మీద డాక్టరు అప్పీలుకు వెళ్లవచ్చు. ఫిర్యాదు కొట్టేస్తే రోగి వెళ్లవచ్చని అందులో రాయలేదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత నిర్లక్ష్యం వల్ల మరణానికి మామూలు మనిషికి ఐదేళ్ల వరకు శిక్ష పెట్టింది. వైద్యం చేస్తుండగా జరిగితే రిజిస్టర్డ్ డాక్టరుకు రెండేళ్లకు మించదు. ప్రభుత్వ డాక్టరైతే చాలా సందర్భాల్లో ప్రభుత్వ అనుమతి లేనిదే విచారణే మొదలుకాదు. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సమర్థన ఉంది. అన్నీ ఒకచోట పేర్చి చూస్తే కనిపించేది మెట్ల నిచ్చెన. కింది మెట్టు మీదున్నవాళ్లకు పైమెట్టు అందదు.

నాలుగోది ఆదాయం. అమెరికాలో స్థిరపడిన డాక్టర్ కునాల్ సాహా భార్య అనురాధ, 1998లో కోల్‌కతాలో తప్పుడు వైద్యం వల్ల చనిపోయారు. భర్త 15 ఏళ్లు పోరాడారు. 2013లో సుప్రీంకోర్టు వడ్డీ కాకుండా దాదాపు 6 కోట్ల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ పోరాటం లేకపోతే ఈ దేశంలో వైద్య నిర్లక్ష్యం మీద చర్చ ఇంత దూరం వచ్చేది కాదు. ఆయనకు దక్కింది ఎక్కువ అని నేను అనను. బిలాస్‌పూర్‌లో చనిపోయిన తల్లుల కుటుంబాలకు ప్రకటించింది 4 లక్షలు. పరిహారాన్ని చనిపోయినవారి సంపాదనతో కొలిచినంత కాలం తేడా ఇలాగే ఉంటుంది. తరతరాలుగా ఎవరి శ్రమకు తక్కువ వెల కట్టారో వాళ్ల ప్రాణానికీ తక్కువ వెలే కడతారు. ఒక మనిషికి ఒక విలువ అన్నారు బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో. పరిహారం లెక్క వేసే బల్ల మీద ఆ మాట ఇంకా చేరలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. జవాబుదారీ అంటే డాక్టర్ల మీద దాడి కాదు. 2022 మార్చిలో రాజస్థాన్ దౌసాలో కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోతే, పోలీసులు వైద్యురాలి మీద ఏకంగా హత్య కేసు పెట్టారు. ఆమె ప్రాణం తీసుకుంది. ఆ మరణం వల్ల ఏ రోగికీ న్యాయం జరగలేదు. 2017లో గోరఖ్‌పూర్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాదారుకు బకాయిలు చెల్లించక సరఫరా ఆగిన రోజుల్లో పదుల సంఖ్యలో పసిపిల్లలు చనిపోయారు. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ కఫీల్ ఖాన్ దాదాపు ఎనిమిది నెలలు జైల్లో ఉన్నారు. బిల్లులు ఆపిన ఫైళ్లు నడిపినవాళ్ల పేర్లు మనలో ఎందరికి గుర్తున్నాయి?

మన వ్యవస్థలో మెచ్చుకోలు పైకి పోతుంది, నింద కిందికి జారుతుంది. క్యాంపులో ఇన్ఫెక్షన్ వస్తే ముందు మెడ మీద కత్తి పడేది కాంట్రాక్టు నర్సు మీద, ఆశ కార్యకర్త మీద, వార్డు ఊడ్చే మనిషి మీద. వాళ్లలో ఎక్కువమంది ఎవరు? మన ఇళ్ల ఆడవాళ్లే. పరికరాలు శుద్ధి చేయడానికి సమయం ఇవ్వని లక్ష్యం ఎవరు పెట్టారో, ఖాళీ పోస్టులు ఎవరు నింపలేదో, ఆ ప్రశ్న పైఅంతస్తుకు చేరదు. నేను అడిగే జవాబుదారీ మెట్లు ఎక్కే జవాబుదారీ.

రిజర్వేషన్ల చర్చ వచ్చినప్పుడల్లా ‘కోటా డాక్టరు చేతిలో ప్రాణం పెడతారా?’ అని అడిగే గొంతులను మనం క్యాంపస్‌లో రోజూ వింటాం. ఆ గొంతులు బిలాస్‌పూర్ మీద లేవలేదు. ఇబ్రహీంపట్నం మీద లేవలేదు. సీట్లు కొనుక్కునే కళాశాలల మీద లేవలేదు. రోగి భద్రత మీద బెంగ అయితే అది తప్పు చేసిన ప్రతి చోటా కనిపించాలి. 2019లో ముంబైలో కుల వేధింపుల ఆరోపణల మధ్య ప్రాణం తీసుకున్న ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వి కూడా ఈ వైద్యవ్యవస్థ గాయపరిచిన మనిషే. దళిత రోగిని తాకడానికి వెనకాడే చేయి, ఆదివాసీ డాక్టరును ఆపరేషన్ థియేటర్‌లోకి రానివ్వని చేయి వేరువేరు కావు.

మరి ఏం కావాలి? ఉచిత ఆసుపత్రి రోగికీ వినియోగదారుడితో సమానంగా, జిల్లా స్థాయిలో, ఫీజు లేకుండా ఫిర్యాదు చేసే వేదిక కావాలి. దాన్ని దానంగా కాకుండా పౌరహక్కుగా చట్టంలో రాయాలి. న్యూజిలాండ్‌లో 1974 నుంచి ప్రమాదాల పరిహారానికి ఎవరి తప్పో నిరూపించనక్కరలేని పద్ధతి నడుస్తోంది, వైద్యంలో జరిగే గాయాలకూ అది వర్తిస్తుంది. మనకూ అలాంటి నిధి ఉండవచ్చు. అందులో ప్రాణానికి కనీస విలువ అందరికీ ఒకటే కావాలి. విచారణ మండళ్లలో డాక్టర్లు కానివారు, దళిత ఆదివాసీ ప్రతినిధులు, మహిళలు కూర్చోవాలి. రోగికీ అప్పీలు హక్కు ఉండాలి. ప్రతి క్యాంపు మరణం మీద విచారణ నివేదిక తెలుగులో బయటపెట్టాలి. కులం పేరుతో ఆసుపత్రిలోకి రానివ్వకపోవడం 1955 నాటి పౌరహక్కుల చట్టం కిందే నేరం. 2015లో సవరించిన అత్యాచార నిరోధక చట్టం ఆసుపత్రిని, డిస్పెన్సరీని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని పేరు పెట్టి చెప్పింది. ఆ సెక్షన్ వాడటం మొదలుపెట్టాలి.

ఇవన్నీ జరిగేదాకా చేయగలిగిన పని ఒకటుంది, అది మనదే. చదువుకున్న మొదటి తరం మనం. ఊళ్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే ఫారం చదివి వినిపించండి. డిశ్చార్జి రోజునే కేస్ షీటు నకలు కోసం రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ప్రైవేటు ఆసుపత్రి అయితే వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువే ఉందని గుర్తుంచుకోండి. లా విద్యార్థులు రిట్ రాయడం నేర్చుకోండి. వైద్యవిద్యార్థులు, ముఖ్యంగా మన వాడల నుంచి వెళ్లినవాళ్లు, ఆ కాగితాలు చదివి నిజం చెప్పే డాక్టర్లు కండి. కూలివాడికి దొరకని ఆ రెండో అభిప్రాయం మీరే కావాలి.

మా చిన్నమ్మ కేసు గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ ఆసుపత్రి పేరు నేను ఇక్కడా రాయలేదు. మా వాళ్లు ఇప్పటికీ అక్కడికే వెళ్తారు. కాఠియావాడ్ ఉపాధ్యాయుడు 1929లో పడిన భయం నా వేళ్లకూ అంటుకుని ఉంది, ఒప్పుకుంటున్నాను. పేరు రాయడానికి ఎవరూ భయపడనక్కరలేని రోజు వచ్చినప్పుడే మన ఆసుపత్రుల్లో జవాబుదారీ వచ్చిందని నమ్ముతాను.

జై భీమ్.